కుర్చీ కొలతలు

సిరొంచ దవాఖానల ఆ కుర్చీ
కాళ్ళ కాడికి విప్పితే అరవై ఎనిమిది అంగుళాలు.
తల ఆనించే కాడ పదకొండు.
నాకు తెలుసు, టేపు పెట్టింది నేనే.

మూడేండ్ల కింద గడ్చిరోలి నుంచి లారీల వచ్చింది.
పెండ్లిపిల్లను గంపల మోసినట్టు
నలుగురు మోసిన్రు.
ప్లాస్టిక్ కవరు ఎవరూ విప్పలే,
ఎలుకలు విప్పినయి.
అప్పుడు పిలిచిండు వాఘాడే బాబు:
"పోశుబాయీ, దీనికొక గలీబు కుట్టు.
పచ్చగుడ్డ స్టోర్ల ఉంది. కూలి ఎనభై."

కొలత కోసం కూసున్న, మెల్లగ ఒరిగిన.
ఎంత మెత్తగున్నదో!
నెత్తిమీద దీపం బుడ్డి, అందుల బల్బు లేదు,
ఒక సాలీడు కాపురముంది.
ఆ కుర్చీల ఒరిగిన మొదటి మనిషిని నేనే,
ఏ నొప్పీ లేకుంట.

నొప్పి తర్వాత వచ్చింది.

దారాన్ని నేను కత్తెరతోని తెంపను.
కత్తెర వెతికే లోపల చెయ్యి ఆగుతది,
చెయ్యాగితే జాకెట్టు ఆగుతది.
కోరపన్ను పక్కదానితోని ఒక్క కొరుకు.
ఇరవై రెండేండ్లు.
ఊరి రంగులన్నీ ఆ పన్నుకు తెలుసు.
ఒకనాడు ఎర్రదారం తగిలితే
చెవిదాకా మెరిసింది.

"ఇది నమలు, మొద్దుబారుతది" అని
మా ఆయన ఖర్రా పొట్లం విప్పిండు.
ఆయన నోరు రెండు వేళ్ళకంటె ఎక్కువ తెరుచుకోక
ఏడాదాయె.
అన్నం చిన్నచిన్న ముద్దలు చేసి
ఉత్తరం డబ్బాల వేసినట్టు వేసుకుంటడు.

గురువారం పండ్ల మేడం వస్తదన్నరు.
మొదటి గురువారం మీటింగు.
రెండోదానికి వాగు పొంగింది.
మూడోదానికి వచ్చింది. వరండాల టేబులు,
కాంపౌండరు చేతిల సెల్‌ఫోన్ లైటు.
మంచిది మేడం, చిన్నపిల్ల. తెలుగు రాదు.
నాకు మరాఠీ వస్తది గని
నొప్పి చెప్పేంత రాదు.

"దాత్?" అన్నది.
ఆమె మాటల దాతంటే పన్ను.
మా మాటల దాతంటే ఇచ్చెటోడు.
నేను నోరు తెరిచిన.

నిలపొచ్చట. లోపల కడిగి నింపాలెనట.
నింపే సామాను రాలేదట.
కుర్చీకి కరెంటు పాయింటు లేదట.
గడ్చిరోలి పొమ్మన్నది.
రెండు వందల కిలోమీటర్లు, అదీ ఒక్కసారికి కాదు.

వంతెన దాటి ఆవలి ఒడ్డుకు పోయి చూసిన.
కౌంటరు కాడి పిల్లగాడు నా కార్డు
అటు తిప్పి ఇటు తిప్పి
"ఇది మనది కాదక్కా" అన్నడు,
ఎంత చక్కటి తెలుగుల అన్నడో.

తీసుడైతే ఇక్కడే, ఇప్పుడే, ఫుకట్.

తీసిన్రు.
దూదిల చుట్టి చేతిల పెట్టింది మేడం.
వెలుతురుకు పట్టి చూస్తే
కొనమీద సన్నటి గాడి,
దారం పోయిపోయి పడ్డ బాట.

దారం డబ్బాలు మంచిర్యాల సేటు దగ్గర తెస్త.
బిల్లు అడుగున ఏముందో
ఆయన కొడుకు చదివి చెప్తడు, ఇంత పన్ను అని.
ఒక్కసారీ బాకీ పెట్టలే.
సర్కారోళ్ళు రాసుకుంటరో లేదో,
నా లెక్కల ఇది కూడ కట్టిందే.

ఇప్పుడు సందుల నుంచి గాలి పోతది,
"సిరొంచ" అంటే ఈల వినపడ్తది.
కత్తెరను మెడకు కట్టుకున్న.

నిన్న మల్ల పిలిచిండు వాఘాడే బాబు.
పెద్దసార్లు చూడొస్తున్నరట, గలీబు చినిగిందట.
కొలత కొత్తగ తీసుడెందుకు?
అయినా పోయిన, మా ఆయన్ను తోలుకొని.
ఒరుగు అన్న. ఒరిగిండు.
తెరువు అన్న.
రెండు వేళ్ళు.
బల్బు లేని దీపం కింద వంగి
చూసింది నేనొక్కదాన్నే.
చూసి ఏం జేస్త?
గుడ్డ కత్తిరించుకొని ఇంటికొచ్చిన.

పోయినసారి నాడాలు కుట్టి
బిగ్గ ముడేసిన.
ఈసారి గుండీలు పెట్టిన,
పెద్దయి,
ఎవరన్న వస్తే
తొందరగ విప్పెటట్టు.